ఏథెన్స్ అగోరా: ఒక ఖాళీ స్థలం చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏథెన్స్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది అక్రోపొలిస్ కొండెక్కుతారు. ఆ కొండకు వాయవ్యంగా, కింద పల్లంలో, చెట్ల మధ్య పునాది రాళ్లతో నిండిన ఒక మైదానం కనిపిస్తుంది. చాలామంది పైనుంచే ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ ఊరి అసలు కథ కొండ మీద కంటే పల్లంలోనే ఎక్కువ ఉందనిపిస్తుంది. కొండ దేవతది, పల్లం జనానిది. నలుగురూ కలుసుకునే ఆ చోటును ఖాళీగా ఉంచుకోవడానికి ఒక ఊరు ఎంత పట్టుదలగా ఉందో, ఆ పట్టు సడలాక ఏం జరిగిందో తెలియాలంటే అగోరా గురించి తెలుసుకోవాలి. ఈ విషయం మీద తరచూ ఎదురయ్యే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

అగోరా అనే మాటకు అర్థం ఏమిటి?

గుమిగూడడం అనే అర్థమున్న గ్రీకు ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. మొదట జనం పోగవడాన్ని, తర్వాత వాళ్లు పోగయ్యే చోటును అగోరా అన్నారు. దీని నుంచి రెండు క్రియలు పుట్టాయి. ఒకదానికి నలుగురిలో మాట్లాడడం అని అర్థం, రెండోదానికి సరుకు కొనడం అని. ఆ చోట జరిగిన పనులు కూడా సరిగ్గా ఈ రెండే. ఈనాటి గ్రీకులో అగోరా అంటే మార్కెట్టే. బయట జనం మధ్యకు వెళ్లాలంటే కలిగే భయానికి డాక్టర్లు వాడే అగోరాఫోబియా అనే పేరు కూడా ఇక్కడి నుంచి వచ్చిందే.

అంటే మన రచ్చబండ లాంటిదా?

ఆ పోలిక సగం వరకే సరిపోతుంది. ఊరి మధ్య చెట్టు కింద నలుగురూ కూర్చుని మంచీ చెడూ తేల్చుకోవడం వరకు అదే. కానీ ఏథెన్స్ అగోరాలో రచ్చబండతో పాటు సంత, కోర్టులు, నోటీసు బోర్డు, ఊరేగింపు దారి, నాణేలు మార్చే బల్లలు, మంగలి దుకాణాలు, గుళ్లు అన్నీ ఒకచోటే ఉండేవి. 500 మంది సభ్యుల మండలి కూర్చునే భవనం పడమటి వైపు ఉండేది. దాని పక్కనే థోలోస్ అనే గుండ్రటి భవనం. మండలిలో వంతు వచ్చిన 50 మంది అక్కడే ప్రభుత్వ ఖర్చుతో భోజనం చేసేవారు. వాళ్లలో కొందరు రాత్రి అక్కడే పడుకునేవారు కూడా. ఏ వేళప్పుడు ఏ కబురు వచ్చినా అందుకోవడానికి మనిషి ఉండాలి కదా.

పౌరులందరూ ఓటు వేసే పెద్ద సభ కూడా మొదట్లో అగోరాలోనే జరిగేదని భావిస్తారు. తర్వాత అది దగ్గర్లోని ప్నిక్స్ కొండకు మారింది. బేరాల్లో మునిగిపోయి సభకు రాని జనాన్ని, ఎర్ర రంగు పూసిన తాడు అడ్డంగా పట్టుకుని కొండవైపు తోలుకుపోయేవారు. బట్టలకు ఎర్ర రంగు అంటితే నలుగురిలో తలవంపులు.

ఆ స్థలం మొదటి నుంచీ ఖాళీగానే ఉండేదా?

లేదు. అంతకు చాలా ముందు అది శ్మశానం. క్రీ.పూ. 850 ప్రాంతానికి చెందిన ఒక సంపన్న స్త్రీ అస్థికల సమాధి, బంగారు నగలతో సహా, 1967లో అక్కడ బయటపడింది. తర్వాత ఇళ్లు వచ్చాయి, ఇంటింటికీ బావులు తవ్వుకున్నారు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో ఆ బావులు ఒక్కొక్కటిగా పూడిపోతూ వచ్చాయి. బావి పూడ్చారంటే అక్కడ ఇక ఎవరూ కాపురం ఉండరని అర్థం. వాడకం ఆగిపోయిన బావులను బట్టే, ప్రైవేటు నేల ఊరి ఉమ్మడి నేలగా ఎప్పుడు మారిందో పురావస్తు నిపుణులు లెక్క కట్టారు. ఇది నాకు చాలా ఇష్టమైన వివరం. ఆ మార్పు గురించి ఏ శాసనమూ చెప్పలేదు, పూడిన బావులే చెప్పాయి.

క్రీ.పూ. 522 ప్రాంతంలో అక్కడ పన్నెండుమంది దేవతల బలిపీఠం కట్టారు. ఏథెన్స్ నుంచి ఏ ఊరు ఎంత దూరమో ఆ పీఠం దగ్గరి నుంచే కొలిచేవారు. వాన నీరు నిలవకుండా క్రీ.పూ. 5వ శతాబ్దం మొదట్లో రాళ్లతో పెద్ద మురుగు కాలువ కట్టారు. పల్లపు నేలను వేల మంది నిలబడే చోటుగా మార్చడంలో ఏ భవనానికీ తీసిపోని పని చేసింది ఆ కాలువే.

ఉమ్మడి నేలను ఎవరూ ఆక్రమించకుండా ఎలా కాపాడుకున్నారు?

హద్దు రాళ్లు పాతి. క్రీ.పూ. 500 ప్రాంతంలో చుట్టూ పాలరాతి హద్దులు నిలబెట్టారు. వాటి మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం: 'నేను అగోరా సరిహద్దును.' ఆ మాటను రాయే పలుకుతుంది. రాజు పేరు లేదు, దాత పేరు లేదు, శిక్ష ఇంత అన్న బెదిరింపూ లేదు. వీటిలో కొన్ని పాతిన చోటే దొరికాయి.

ఆ హద్దు దాటి లోపలికి అందరూ రాలేరు. హత్యానేరం మోపబడినవాళ్లు, సైన్యం నుంచి పారిపోయినవాళ్లు, పౌర హక్కులు పోగొట్టుకున్నవాళ్లు లోపల అడుగు పెట్టకూడదు. లోపలికి వచ్చేవాళ్లు శుద్ధి చేసుకోవడానికి దారుల దగ్గర నీళ్ల తొట్లు ఉండేవి. సంత జరిగే నేలకు గుడి ఆవరణకు ఇచ్చినంత మర్యాద ఇచ్చారన్నమాట.

భవనాలన్నీ అంచుల్లోనే కట్టుకున్నారు. నడిమి నేలను వందల ఏళ్లు దాదాపు ఖాళీగా వదిలేశారు. అక్కడ పందేలు జరిగాయి, నాటకాలు జరిగాయి. ఎథీనా దేవతకు చేసే పనథేనియా పండుగకు ఊరేగింపు ఆ నేల మీదుగానే కొండెక్కేది. నాటకాలు చూడ్డానికి కట్టిన చెక్క మెట్లు ఒకసారి కూలిపోయాయని, ఆ తర్వాతే కొండ వాలులో వేరే నాటకశాల ఏర్పడిందని పాత రచయితలు రాశారు.

సంతలో ఏమేం అమ్మేవారు? మోసాలు జరిగేవి కావా?

చేపలు, జున్ను, అత్తి పళ్లు, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్షసారా, కుండలు, పూలదండలు, పుస్తకాలు, ఇంకా బానిసలు. ఏ సరుకు అమ్మే చోటుకు ఆ సరుకు పేరే పెట్టి పిలిచేవారు. 'ఉల్లిపాయల దగ్గర కలుద్దాం' అంటే చాలు. ఏథెన్స్‌లో స్థిరపడిన ప్లటేయా ఊరివాళ్లు ప్రతి నెలా ఆఖరి రోజున పచ్చి జున్ను అమ్మే చోట కలుసుకునేవారని ఒక కోర్టు వాదనలో ఉంది. పరాయి ఊళ్లో సొంతవాళ్లను వెతుక్కుంటూ నెలకోసారి ఒకచోట చేరడం ఎలా ఉంటుందో బయటి దేశాల్లో ఉన్న మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మోసాలు బాగానే జరిగేవి, అందుకే అంత పకడ్బందీ ఏర్పాటు. సరుకు నాణ్యత చూసే అధికారులు వేరు, తూనికలు కొలతలు చూసేవాళ్లు వేరు, ధాన్యం ధర చూసేవాళ్లు మళ్లీ వేరు. వీళ్లందరినీ ఏటా చీటీలు తీసి ఎంపిక చేసేవారు. ప్రభుత్వ ముద్ర ఉన్న మట్టి కొలపాత్రలు, కంచు తూకపు రాళ్లు తవ్వకాల్లో దొరికాయి. క్రీ.పూ. 375 నాటి ఒక చట్టం చెక్కిన రాయి 1970లో బయటపడింది. దాని ప్రకారం నాణేలు పరీక్షించే ఉద్యోగి ఒకడు బల్లల దగ్గర కూర్చోవాలి. నకిలీ నాణెం కనిపిస్తే అక్కడికక్కడే గంటు పెట్టి పక్కన పెట్టాలి. మంచి నాణెమని అతను తేల్చాక తీసుకోనన్న వ్యాపారి ఆ రోజు తెచ్చిన సరుకంతా పోగొట్టుకుంటాడు. ఆ పరీక్షకుడు ఒక బానిస. పనికి రాకపోతే అతనికి 50 కొరడా దెబ్బలు. ఊరి డబ్బు మీద నమ్మకమంతా ఒక బానిస కంటిచూపు మీద నడిచింది. ఆ రాయి గురించి చదివిన ప్రతిసారీ నా మనసు చట్టం చేసినవాళ్ల మీదికి కాదు, ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి మీదికే పోతుంది.

పెంకు మీద పేరు రాసి ఊరి నుంచి వెళ్లగొట్టేవారట. నిజమేనా?

నిజమే. పగిలిన కుండ పెంకును గ్రీకులో ఓస్ట్రకాన్ అంటారు. ఒక నాయకుడు మరీ బలపడిపోతున్నాడని, అతని వల్ల ఊరికి ముప్పని జనం అనుకుంటే, ఏడాదికి ఒకసారి ఇలాంటి ఓటు పెట్టవచ్చు. అగోరాలో దడి కట్టి పది దారులు వదిలేవారు. ఒక్కో తెగవాళ్లు ఒక్కో దారిలో వచ్చి, పేరు గీసిన పెంకు ఇచ్చి వెళ్లాలి. కనీసం 6,000 పెంకులు పడితేనే లెక్క. ఎక్కువ పెంకులు ఎవరి పేరున పడితే అతను పది రోజుల్లో ఊరు విడిచి పదేళ్లు బయట ఉండాలి. ఆస్తి జప్తు చేయరు, పౌరసత్వమూ పోదు. క్రీ.పూ. 487లో మొదలైన ఈ పద్ధతి ఆ శతాబ్దం ముగిసేలోపే ఆగిపోయింది.

ఈ ఓటును ఎలా వాడుకున్నారో అర్థం కావడానికి ఒక్క ఆధారం చాలు. అక్రోపొలిస్ ఉత్తరపు వాలులో ఒక బావిలో సుమారు 190 పెంకులు దొరికాయి. అన్నిటి మీదా థెమిస్టొక్లీస్ పేరే. చేతిరాత చూస్తే అవన్నీ రాసింది పద్నాలుగు మందే! అంటే రాయడం రానివాళ్లకో, పెంకు తెచ్చుకోనివాళ్లకో పంచిపెట్టడానికి ముందే సిద్ధం చేసి పెట్టుకున్నారు. పర్షియా నావికా దళాన్ని సలామిస్ దగ్గర ఓడించిన మనిషిని కూడా చివరికి ఇలాగే పంపేశారు.

కోర్టులు ఎలా నడిచేవి?

జడ్జీలు లేరు, లాయర్లు లేరు. 30 ఏళ్లు దాటిన పౌరుల నుంచి ఏటా 6,000 మందిని ఎంపిక చేసి, వాళ్లలో ఒక్కో కేసుకు 201 మందినో 501 మందినో కూర్చోబెట్టేవారు. ఎవరు ఏ కోర్టుకు వెళ్లాలో ముందే తెలిస్తే లంచం ఇవ్వవచ్చు. అందుకని క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఆ ఉదయమే తేల్చడానికి రాతితో ఒక సాధనం చేశారు. వరుసలుగా సన్నటి గాడులున్న రాతి పలక అది. పౌరుల పేర్లున్న కంచు బిళ్లలను గాడుల్లో దోపేవారు. పక్క గొట్టంలోంచి నల్లవీ తెల్లవీ గోళీలు పడేవి. గోళీ రంగును బట్టి ఒక్కో వరుస మొత్తం లోపలికో ఇంటికో వెళ్లేది. దాని ముక్క ఒకటి ఇప్పుడు అగోరా మ్యూజియంలో ఉంది.

వాదించే సమయానికి నీటి గడియారం పెట్టేవారు. అడుగున చిల్లి ఉన్న కుండ అది. దొరికిన ఒక కుండలో సుమారు 6.4 లీటర్ల నీళ్లు పడతాయి, ఖాళీ కావడానికి ఆరు నిమిషాలు. నీళ్లు ఆగితే మాట ఆపాల్సిందే. తీర్పు చెప్పడానికి ఒక్కొక్కరికీ రెండు కంచు బిళ్లలు ఇచ్చేవారు. వాటి మధ్యలో చిన్న ఇరుసు ఉంటుంది. గుల్ల ఇరుసు అయితే దోషి, గట్టి ఇరుసు అయితే నిర్దోషి. రెండు వేళ్లతో ఇరుసు కొసలు మూసి పట్టుకుని వేస్తే పక్కవాడికి కూడా తెలియదు. రహస్య ఓటు గురించి ఇంత సులువైన, ఇంత తెలివైన ఆలోచన నాకు మరొకటి తెలియదు.

సోక్రటీసుకు, ఈ చోటుకు ఉన్న సంబంధం ఏమిటి?

ఆయన తన జీవితంలో ఎక్కువ భాగం గడిపింది ఇక్కడే. నాణేలు మార్చే బల్లల దగ్గర నిలబడి వచ్చేపోయే వాళ్లతో మాట్లాడేవాడు. అగోరాలో తిరిగే వయసు రాని కుర్రాళ్లు హద్దు పక్కనున్న దుకాణాల్లో కూర్చునేవారు. వాళ్ల కోసం ఆయన అక్కడికీ వెళ్లేవాడు. ఒక హద్దు రాయి పక్కనే బయటపడిన చిన్న ఇంట్లో చెప్పులకు కొట్టే మేకులు, తోలు తాళ్లు దూర్చే ఎముక రింగులు దొరికాయి. దగ్గర్లో ఒక గిన్నె అడుగు మీద 'సైమన్‌ది' అని చెక్కి ఉంది. సోక్రటీసు సైమన్ అనే చెప్పులు కుట్టేవాడి దుకాణానికి వచ్చేవాడని పాత రచనలు చెబుతాయి. ఆ ఇల్లు అదేనని చాలామంది పురావస్తు నిపుణులు భావిస్తారు.

క్రీ.పూ. 399లో దేవతలను కాదన్నాడని, యువకులను పాడుచేశాడని ఆయన మీద ఫిర్యాదు పడింది. దాని తొలి విచారణకు ఆయన హాజరైన భవనం అగోరా వాయవ్య మూలన ఉన్న రాజ స్టోవా అనే స్తంభాల వసారా. అది 1970లో బయటపడింది. పునాది చిన్నదే. ఇరవై ఏడు అడుగులు వేసేలోపు దాటిపోవచ్చు. ఏళ్ల తరబడి ప్రశ్నలు అడగనిచ్చిన చోటే ఆయన్ను ముద్దాయిని చేసింది. అగోరాను ఇష్టపడేవాళ్లు ఈ నిజాన్ని పక్కన పెట్టకూడదు.

ఆడవాళ్లు, బానిసలు అక్కడికి వచ్చేవారా?

వచ్చేవారు. ఓటు మాత్రం లేదు. పేదింటి ఆడవాళ్లు రొట్టెలు, కూరలు, రిబ్బన్లు అమ్మేవారు. ఆగ్నేయ మూలన ఉన్న నీళ్ల ఇంటి దగ్గర కడవలతో నిలబడిన స్త్రీల బొమ్మలు ఆ కాలపు కుండల మీద ఉన్నాయి. బానిసలైతే అమ్మే సరుకుగానూ వచ్చారు, పని చేసే ఉద్యోగులుగానూ వచ్చారు. 'అందరి స్థలం' అని మనం అన్నప్పుడు ఆ 'అందరి'లో ఎవరెవరు లేరో కూడా గుర్తుంచుకోవాలి.

స్టోవా అంటే?

వరుస స్తంభాలున్న పొడవాటి వసారా. ఎండకూ వానకూ ఎవరైనా వచ్చి నిలబడవచ్చు. వీటిలో పేరుపొందినది ఉత్తరం అంచున ఉన్న చిత్రాల స్టోవా. పర్షియన్ల మీద గెలిచిన మరథాన్ యుద్ధం బొమ్మ అందులోనే ఉండేది. క్రీ.పూ. 425లో పైలోస్ దగ్గర లొంగిపోయిన స్పార్టా సైనికుల డాళ్లు కూడా అక్కడ వేలాడదీశారని చెబుతారు. ఆ డాళ్లలో ఒకటి, మీద రాత చెక్కి ఉన్నది, 1936లో అగోరాలో దొరికింది. క్రీ.పూ. 300 ప్రాంతంలో సైప్రస్ నుంచి వచ్చిన తత్వవేత్త జీనో ఆ వసారాలో పచార్లు చేస్తూ పాఠాలు చెప్పాడు. స్టోవాలో చెప్పాడు కాబట్టి ఆయన శిష్యులు స్టోయిక్‌లు అయ్యారు. అద్దె కట్టక్కర్లేని చోటు కాబట్టే పరాయి ఊరివాడు కూడా అక్కడ బడి పెట్టగలిగాడు.

నడిమి ఖాళీ ఎప్పుడు నిండిపోయింది?

ఏథెన్స్ స్వాతంత్ర్యం పోయాక. క్రీ.పూ. 86లో రోమ్ సేనాని సుల్లా ఊరిని ముట్టడించి దెబ్బతీశాడు. తర్వాత రోమ్ చక్రవర్తి అగస్టస్ కాలంలో, సరిగ్గా నడిమధ్య, అతని అల్లుడు అగ్రిప్పా వెయ్యి మంది పట్టే సంగీత మందిరం కట్టించాడు. పల్లెనే అనే చోట ఉన్న పాత గుడిని రాయి రాయి విప్పి, ఒక్కో రాయికి గుర్తులు వేసి, తెచ్చి దాని పక్కనే నిలబెట్టారు. రెండూ అందమైనవే, రెండూ కానుకలే. కానీ తీర్మానాలు చేసే జనం ఇక లేరు కాబట్టి, నిలబడడానికి వాళ్లకు చోటూ అక్కర్లేదనుకున్నారు. నా ఉద్దేశంలో అగోరా చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. పర్షియన్లు క్రీ.పూ. 480లో తగలబెట్టిన నష్టాన్ని ఊరు పూడ్చుకుంది. ఈ కానుకలు మింగిన ఖాళీని మాత్రం తిరిగి తెచ్చుకోలేకపోయింది.

అక్కడున్న 'రోమన్ అగోరా' ఇదేనా?

కాదు. అది దీనికి తూర్పున ఉన్న వేరే మార్కెట్. సీజర్, అగస్టస్ ఇచ్చిన డబ్బుతో కట్టారు. టికెట్ కొనేముందు బోర్డు చూసుకోండి, చాలామంది పొరబడతారు.

చివరికి ఎలా మట్టిలో కలిసింది?

క్రీ.శ. 267లో హెరూలీ అనే దండు ఊరిని దోచి తగలబెట్టింది. భయపడిన జనం కూలిన భవనాల రాళ్లతోనే కోటగోడ కట్టుకున్నారు. అగోరా ఆ గోడకు బయటే మిగిలిపోయింది. 6వ శతాబ్దం చివర మరో దాడి తర్వాత చాలావరకు పాడుబడింది. ఆ తర్వాత మట్టి పేరుకుంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో పవిత్ర అపోస్తలుల చర్చి వచ్చింది, దాని చుట్టూ మళ్లీ ఇళ్లు లేచాయి. పడమటి గుట్ట మీది హెఫెస్టస్ గుడి మాత్రం చర్చిగా మారడం వల్ల బతికిపోయింది. కమ్మరుల, కుమ్మరుల దేవుడి గుడి అది. 34 బయటి స్తంభాలతో నేటికీ నిలిచి ఉంది.

తవ్వకాల కోసం ఇళ్లు కూల్చారంటారు. అది న్యాయమేనా?

1931లో అమెరికన్ స్కూల్ ఆఫ్ క్లాసికల్ స్టడీస్ తవ్వకాలు మొదలుపెట్టేనాటికి అక్కడ వ్రిసాకి అనే బస్తీ ఉంది. సుమారు 400 ఇళ్లు కొని, కూల్చి, కిందికి తవ్వారు. డబ్బులో పెద్ద భాగం జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఇచ్చాడు. పరిహారం చెల్లించారు, కూల్చేముందు ఇళ్లకు ఫోటోలు తీశారు. అయినా తరాలుగా కాపురమున్న వీధి పోయిన బాధకు పరిహారం ఉండదు. ఒకే నేల కోసం రెండుసార్లు ఇళ్లు ఖాళీ అయ్యాయి. మొదటిసారి ఊరు కూడుకోవడానికి, రెండోసారి ఆ కూడుకున్న జ్ఞాపకం చూడడానికి. తవ్వకాల వల్ల మనకు తెలిసింది అపారం, ఆ పని జరగకూడదని నేను అనలేను. కానీ అక్కడ తిరిగేటప్పుడు వ్రిసాకి పేరు కూడా తలుచుకోవడం మన బాధ్యత అనుకుంటాను.

అట్టలోస్ స్టోవా కొత్తగా కనిపిస్తుందే, అసలైనదేనా?

అసలైనది పెర్గమాన్ రాజు రెండో అట్టలోస్ క్రీ.పూ. 2వ శతాబ్దంలో కట్టించినది. ఇప్పుడు కనిపించేది 1953–56 మధ్య పాత పునాది మీద తిరిగి కట్టినది. పొడవు సుమారు 116 మీటర్లు. పాత గోడ ముక్కలు కోటగోడలో కలిసిపోయి భద్రంగా ఉండడం వల్ల కొలతలు తెలిశాయి. శిథిలాన్ని శిథిలంగానే ఉంచాలని వాదించినవాళ్లు ఉన్నారు. మధ్యాహ్నం ఎండలో ఆ నీడలోకి అడుగుపెడితే మాత్రం వసారా ఎందుకు కట్టుకున్నారో ఒంటికే తెలుస్తుంది. అగోరా మ్యూజియం అందులోనే ఉంది. 2003 ఏప్రిల్ 16న పది దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరే ఒప్పందం మీద సంతకాలు చేసింది కూడా ఆ స్తంభాల మధ్యే.

మధ్యలోంచి రైలు పోతుందట?

ఏథెన్స్–పిరేయస్ లైనును 1890 ప్రాంతంలో పొడిగించినప్పుడు అగోరా ఉత్తర భాగాన్ని కోసేశారు. పన్నెండు దేవతల బలిపీఠం చాలావరకు ఆ పట్టాల కిందే ఉంది. 2011లో పట్టాలు బాగుచేస్తున్నప్పుడు అది బయటపడింది. కొందరు అలాగే ఉంచమని పోరాడారు. అయినా మళ్లీ పూడ్చేశారు. ఒకప్పుడు ఊరి దూరాలన్నీ లెక్కపెట్టిన ఆ చోటు మీదుగా ఇప్పుడు రోజూ రైళ్లు పోతున్నాయి.

వెళితే దేనితో మొదలుపెట్టాలి?

మొనాస్టిరాకి లేదా థిసియో స్టేషన్లో దిగితే నడిచే దూరమే. ముందు హెఫెస్టస్ గుడి గుట్ట ఎక్కి, నడిమి నేలంతా ఒకసారి పైనుంచి చూడండి. అగ్రిప్పా మందిరం లేనట్టు ఊహించుకుంటే పాత ఖాళీ ఎంతదో అంచనా దొరుకుతుంది. తర్వాత కిందికి దిగి థోలోస్ గుండ్రటి పునాది దాటి నైరుతి మూలకు నడవండి. అక్కడ సైమన్ ఇంటి పక్కన హద్దు రాయి ఉంటుంది. చిన్నది, పక్కనుంచి వెళ్లినా కనబడకపోవచ్చు. ఆగి వెతకండి. 'నేను అగోరా సరిహద్దును' అన్న వాక్యం దాని మీదే ఉంటుంది.